సవరణ: సోక్రటీస్ పార్కు శిల్పాలు శాశ్వతం కావు

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉన్న సోక్రటీస్ శిల్పాల పార్కు గురించి నిన్న రాస్తూ, అక్కడి శిల్పాలన్నీ శాశ్వతంగా నిలిపినవని అన్నాను. అది తప్పు, మన్నించండి. అక్కడ ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. కొంతకాలం నిలిచాక పాత శిల్పాలు కొత్తవాటికి చోటిస్తాయి. చాలావాటిని కళాకారులు అక్కడే, ఆరుబయటే తయారుచేస్తారు. నాకు ఆ పార్కు మీద అంత ఇష్టం కలగడానికి కారణమే అది! ఈస్ట్ నది ఒడ్డున చెత్త పోసి వదిలేసిన నేలను 1986లో శిల్పి మార్క్ డి సువెరో, తోటి కళాకారులు, చుట్టుపక్కల వారు కలిసి బాగుచేశారు.

‘ప్రైవేటు స్థలం’ అని రాసిందీ పొరపాటే. అది నగర పార్కు, ప్రవేశం ఉచితం. నా మాట నమ్మి ఫలానా శిల్పం కోసమే బయలుదేరేవారు, ప్రస్తుతం ఏ ప్రదర్శన నడుస్తోందో ముందుగా కనుక్కోండి.