దేవనహళ్ళిలో దిగినవారు బస్సెక్కాలా, కారెక్కాలా?

విశాఖపట్నంలో ఉద్యోగం మానేసి ఎలక్ట్రానిక్ సిటీలోని ఒక కంపెనీలో చేరబోతున్న మరిది, అద్దె ఇల్లు చూసుకోవడానికి భార్యతో కలిసి బెంగళూరు వెళ్దామనుకున్నాడు. అన్నావదినలు ఉండేది యలహంకలో. దేవనహళ్ళి దగ్గరున్న బెంగళూరు విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ఎలా రావాలన్న చిన్న ప్రశ్న మీద ఫోనులో మొదలైన వాదం ఇది. నేను వదిన పక్షమేనని ముందే చెప్పేస్తున్నాను.

మరిది: వదినా, శుక్రవారం రాత్రి విమానానికి వచ్చి, శని, ఆదివారాల్లో ఇళ్ళు చూసుకుని తిరిగి వెళ్ళిపోతాం. అన్నయ్య కారు తెస్తానన్నాడు. ఆయనకు కుదరకపోతే క్యాబ్ ఎక్కుతాం. బ్రోకరు ఎనిమిది ఇళ్ళు చూపిస్తానన్నాడు. ఇందులో బస్సుల కోసం నిలబడే తీరిక మాకెక్కడిది?

వదిన: మీ అన్నయ్యను కారు తీయనివ్వను. రాత్రి పదకొండింటికి దిగి, సెలవు రోజుల్లో తిరిగి, ఆదివారం రాత్రికి వెళ్ళిపోయేవాళ్ళకు బెంగళూరంత హాయైన ఊరు మరొకటి ఉండదు. ఆ రెండు రోజుల్లో నువ్వు చూసే రోడ్లూ, సోమవారం నుంచి ఆఫీసుకు వెళ్ళాల్సిన రోడ్లూ పేరుకే ఒకటి. అందుకని శుక్రవారం పొద్దున్నే దిగండి. ఇండిగోలో వస్తే ఒకటో టెర్మినల్, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో వస్తే రెండో టెర్మినల్. రెండోదాంట్లో వెదురు కప్పునూ వేలాడే మొక్కలనూ చూస్తూ నిలబడిపోకుండా బయటికొచ్చి, విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి నడిచే వాయువజ్ర ఏసీ బస్సులు ఆగే చోటు అడగండి. అక్కడ కేఐఏ-9 నంబరు ఎక్కితే ఊరి మధ్యలోని మెజెస్టిక్ బస్టాండుకు పోతారు, అది మీకు పనికిరాదు. కేఐఏ-8 మాత్రం హెబ్బాళ, టిన్ ఫ్యాక్టరీ, మారతహళ్ళి, సిల్క్ బోర్డు కూడలి మీదుగా ఎలక్ట్రానిక్ సిటీకి వస్తుంది. ఆ 50 కిలోమీటర్ల పైచిలుకు దారిలో బ్రోకరు చెప్పే పేటలన్నీ ఎత్తయిన కిటికీలోంచి కనిపిస్తాయి. ఎక్కడ బస్సు అరగంట కదలదో, ఎక్కడ మెట్రో పనుల వల్ల రోడ్డు సగమైపోయిందో మీ కళ్ళతో మీరే చూస్తారు. ఏ బ్రోకరూ ఇవి చెప్పడు.

మరిది: క్యాబ్ కిటికీలోంచీ అవే కనిపిస్తాయి కదా.

వదిన: కనిపిస్తాయి, కానీ ఆ డ్రైవరు నీ సమయం మిగల్చడానికి పక్క సందుల్లోంచి తీసుకొస్తాడు. నువ్వు రోజూ ఎక్కబోయేది కంపెనీ బస్సు. అది సందుల్లోకి రాదు.

మరిది: సరే, అసలు విషయం అడుగుతాను. ఏడాదికి మేము విమానం ఎక్కేది రెండుసార్లో మూడుసార్లో. ఆఫీసుకు వెళ్ళేది వారానికి ఐదు రోజులు. విమానాశ్రయం నుంచి వచ్చే దారిని బట్టి ఇల్లు ఎంచుకోవడం తలకిందుల లెక్క కాదూ? నాకు కావాల్సింది ఇంటికీ ఆఫీసుకూ మధ్య దూరం. ఆ పొద్దున్న మూడు గంటలు బస్సులో కూర్చునే బదులు బొమ్మనహళ్ళి నుంచి ఆఫీసు దాకా రెండుసార్లు తిరిగి చూస్తే ఎక్కువ తెలుస్తుంది. పైగా మీ చెల్లెలికి, అదే, నా భార్యకు ప్రయాణాలు పడవని మీకు తెలుసు.

వదిన: ఆమెకు పడదన్న మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమెను మా ఇంట్లో దింపి, నువ్వొక్కడివే బస్సెక్కు. యలహంక దారిలోనే ఉంది.

మరిది: ఇల్లు చూడ్డానికి వచ్చేది ఆమె. నేను ఆఫీసులో ఉంటాను, ఇంట్లో ఉండేది ఆమె. ఆమె చూడని దారి నేను చూసి ఏం లాభం?

(ఈ దెబ్బ వదినకు గట్టిగానే తగిలింది. కాసేపు మాట శంషాబాద్ మీదికి మళ్ళింది.)

మరిది: ఇదే హైదరాబాద్ అయితే ఇంత చర్చ ఉండేదా? దిగగానే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి వెళ్ళిపోవచ్చు. మెహదీపట్నం వెళ్ళాలంటే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. రెండు విమానాశ్రయాలూ 2008లోనే మొదలయ్యాయి. మీరు ఊరికి ఉత్తరాన ఇంత దూరంలో కట్టుకుని, దానికి రైలు కూడా సరిగ్గా వేసుకోలేదు.

వదిన: గచ్చిబౌలి వెళ్ళేవాడికే అది స్వర్గం. ఉప్పల్ లోపలి పేటల్లో ఉండేవాడిని అడుగు. ఔటర్ మీద టోలు కట్టవా? మాకు సాదహళ్ళి దగ్గర ఉన్నట్టే మీకూ ఉంది. అయినా విశాఖ వాడికి ఈ పోలిక ఎందుకు? ఎన్ఏడీ కూడలి దాటగానే విమానాశ్రయం కనిపించే ఊళ్ళో పెరిగావు. విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి తరలిపోతే మీకూ తెలిసొస్తుంది.

మరిది: భోగాపురం సంగతి నాతో వాదించకండి.

వదిన: వాదించను. కానీ అక్కడే నా మాట ఉంది. ఏడాదికి రెండుసార్లు అన్నావు. ఆ రెండుసార్లూ పండగకే అనుకుంటున్నావు. అత్తయ్యగారూ మామయ్యగారూ విశాఖలో ఒంటరిగా ఉంటారు. మీ అన్నయ్య ఇక్కడే ఉన్నారు, నువ్వూ ఇక్కడికే వస్తున్నావు. మామయ్యగారికి ఒంట్లో బాగాలేదని ఫోనొస్తే మేము యలహంక నుంచి ముందు బయల్దేరతాం, నువ్వు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఊరంతా దాటి రావాలి. విమానం బయల్దేరడానికి గంట ముందే చెకిన్ కౌంటర్లు మూసేస్తారు. సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కున్నవాడికి ఎనిమిదింటి విమానం అందదు. అందుకే ఆ దారి ఒక్కసారైనా, రద్దీ వేళలో, నీ ఒళ్ళు అలిసేలా చూడమంటున్నాను. అప్పుడు అదే అద్దెకు సిల్క్ బోర్డుకు ఇటువైపు ఇల్లు దొరికితే పడకగది కొంచెం చిన్నదైనా నువ్వే ఒప్పుకుంటావు. ఎల్లో లైన్ మెట్రో 2025 ఆగస్టు నుంచి సిల్క్ బోర్డు మీదుగా ఎలక్ట్రానిక్ సిటీకి నడుస్తోంది, కాబట్టి ఆఫీసుకూ ఇబ్బంది ఉండదు. విమానాశ్రయానికి వేస్తున్న బ్లూ లైన్ కూడా సిల్క్ బోర్డు నుంచే.

మరిది: వదినా, వేస్తున్న లైన్‌ను చూపించి అద్దె పెంచేది బ్రోకర్లు. మీరూ అదే మాట అంటున్నారు. ఇక నాన్నగారి సంగతి. అలాంటి ఫోను అర్ధరాత్రి వస్తే రోడ్లు ఖాళీగా ఉంటాయి. పొద్దున్న రద్దీలో నేను చూసిన దారి ఆ రాత్రికి ఎందుకూ పనికిరాదు. పగలు వస్తే ఏ పేటలో ఉన్నా ఆలస్యం తప్పదు.

వదిన: అర్ధరాత్రి సంగతి నువ్వన్నదే నిజం. పగటి సంగతి మాత్రం ఒప్పుకోను. ఇటువైపు ఉన్నవాడికి ఒక గంట ఆలస్యమైతే అటువైపు ఉన్నవాడికి రెండు గంటలు. బ్లూ లైన్ మాట వెనక్కి తీసుకుంటున్నాను, దాన్ని లెక్కలో వేసుకోకు. ఆ బ్రోకరుకు ఇల్లు చూడకముందే టోకెన్ అని ఏమైనా పంపించావా?

మరిది: ఐదు వేలు అడిగాడు. ఇంకా పంపలేదు.

వదిన: పంపకు. శుక్రవారం పొద్దున్న విమానానికి టికెట్లు తీయి. చిన్న సంచులే తెచ్చుకోండి, బెల్టు దగ్గర నిలబడే పని తప్పుతుంది. హెబ్బాళ దాకా నీ భార్య నీతో బస్సులోనే వస్తుంది. అక్కడ మీ అన్నయ్య కారుతో ఉంటారు. దిగిపోవాలో, నీతో ముందుకు రావాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వు.

మరిది: ఆమె దిగిపోతే నేనూ దిగిపోతాను.

వదిన: దిగిపో. కానీ ఆ తర్వాత ఏ ఇల్లు తీసుకున్నా దూరమని నాకు ఫోను చేయకు.