కొవ్వు గడ్డే కదా అని కోసేస్తే

నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి చెన్నైలో క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే సార్కోమా (కండ, కొవ్వు వంటి వాటిలో పుట్టే క్యాన్సర్) రోగి చేతిలో తరచూ రెండు కాగితాలుంటాయి. ఒకటి ‘కొవ్వు గడ్డ తీసేశాం’ అని రాసిన డిశ్చార్జి చీటీ. రెండోది కొన్నాళ్లకు అదే చోట గడ్డ మళ్లీ లేచాక తీయించిన స్కాన్. ఉండాల్సిన మూడో కాగితం, అంటే తీసిన గడ్డని ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద చూసి ఇచ్చే ప్యాథాలజీ రిపోర్టు, ఉండదు. గడ్డని ట్రేలో పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించి, ఆ తర్వాత బకెట్లో పడేసి ఉంటారు.

ఊళ్లో సర్జన్ని పూర్తిగా తప్పుపట్టలేం. కండ, కొవ్వు, నరాల తొడుగు, ఎముక వంటి వాటిలో పుట్టే ఈ క్యాన్సర్లు పెద్దవాళ్ల క్యాన్సర్లలో నూటికి ఒకటి మాత్రమే. హాని చేయని గడ్డలు వీటికి వంద రెట్లుంటాయి. అయినా అనుమానించాల్సిన గుర్తులు తెలిసినవే: 5 సెంటీమీటర్లు దాటిన సైజు, కండ పొర కింద లోతుగా ఉండటం, పెరుగుతూ ఉండటం, ఒకసారి తీశాక మళ్లీ రావడం. నొప్పి లేదు కాబట్టి భయం లేదన్న మాట ఇక్కడ చెల్లదు. సార్కోమా చాలాసార్లు నొప్పి లేకుండానే పెరుగుతుంది.

మోసం గడ్డ రూపంలోనే ఉంది. సార్కోమా పెరుగుతూ చుట్టూ ఉన్న కండని నొక్కేస్తుంది. నలిగిన ఆ కండే ఒక పొరలా తయారవుతుంది. కోసి చూస్తే ఉడికిన గుడ్డు పెంకు ఒలిచినట్టు గడ్డ చక్కగా ఊడొస్తుంది, సర్జన్‌కీ సంతృప్తిగా ఉంటుంది. కానీ ఆ పొరలోనూ దాని బయటా క్యాన్సర్ కణాలుంటాయి. అవి లోపలే మిగిలిపోతాయి, కారిన రక్తంతో పాటు కండల మధ్య పాకుతాయి. పైగా తొడ మీద అడ్డంగా కోసి, రక్తం, నీరు బయటికి పోవడానికి పెట్టే డ్రెయిన్ గొట్టాన్ని కోతకు దూరంగా ఇంకో పక్కనుంచి తీశారనుకోండి, రెండోసారి ఆపరేషన్ చేసే సర్జన్ ఆ అడ్డమచ్చ, ఆ గొట్టం దారి, మధ్యలో చర్మం అన్నీ కలిపి తీయాల్సి వస్తుంది. అరచేయంత కోతతో పోయేదానికి ఒళ్లో ఇంకోచోటి నుంచి కండ తెచ్చి కప్పాలి.

సరైన వరస ఇది: ముందు ఎమ్మారై, తర్వాత బయాప్సీ, ఆ తర్వాతే కత్తి. ఊపిరితిత్తులకు సీటీ కూడా కావాలి, ఈ జబ్బు ఎక్కువగా పాకేది అక్కడికే. బయాప్సీకి సన్న సూదితో కణాలు పీల్చడం చాలదు. 14 లేదా 16 గేజి లావు సూదితో నాలుగైదు సన్నని ముక్కలు తీయాలి. సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేయబోయే సర్జన్ చెప్పాలి, ఎందుకంటే ఆ దారిని తర్వాత గడ్డతో పాటే తీసేస్తారు. ‘సూది గుచ్చితే పాకుతుంది’ అని మనవాళ్లు భయపడేది ఈ సూదికి. అసలు భయపడాల్సింది ముందూ వెనకా చూడకుండా పెట్టే కత్తికి.

కాలు తీసేయడమే వైద్యం అనుకున్న రోజుల్ని మార్చింది ఒక సర్జనే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం 1982లో ఒక చిన్న ట్రయల్ ఫలితాలు ప్రచురించింది. 43 మంది రోగులు, ఎవరికి ఏ వైద్యమన్నది చీటీ తీసినట్టు తేల్చారు. 16 మందికి అవయవం తీసేశారు. 27 మందికి గడ్డ మాత్రం తీసి, రేడియేషన్, జనం మాటలో కరెంటు, పెట్టారు. రెండు వర్గాలకూ కీమో ఇచ్చారు. కాలో చెయ్యో నిలిచిన 27 మందిలో నలుగురికి అక్కడే తిరగబెట్టింది, కానీ బతుకులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 43 అనేది నవ్వొచ్చేంత చిన్న అంకె. ‘చీటీ తీసి కాలు తీసేస్తాం’ అంటే ఇంకెంతమంది ఒప్పుకుంటారు?

కరెంటు ఎప్పుడు పెట్టాలన్నది తర్వాతి తగువు. 2002లో వచ్చిన కెనడా ట్రయల్‌లో ఆపరేషన్‌కి ముందు 50 గ్రే (రేడియేషన్ కొలత) పెట్టినవాళ్లలో 35 శాతం మందికి గాయం సరిగా మానలేదు. తర్వాత 66 గ్రే పెట్టినవాళ్లలో అది 17 శాతమే. కానీ ఎక్కువ డోసు, ఎక్కువ మేర పడటం వల్ల కాలక్రమంలో కండ బిగుసుకుపోయేది ఈ రెండోవాళ్లకే. గాయం ఎప్పటికైనా మానుతుంది, బిగుసుకున్న కీలు వదలదు. అందుకే ముందు పెట్టడమే మేలని నా లెక్క.

చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ మెలనోమాలోనూ దారి ఇదే, తక్కువ కోయడం. డొనాల్డ్ మోర్టన్ 1992లో నీలిరంగు ఎక్కించి, జబ్బు మొదట చేరే లింఫ్ గ్రంథిని మాత్రమే తీసి చూసే పద్ధతిని ప్రచురించారు. ఆ గ్రంథిలో జబ్బు కనబడితే గజ్జలోని గ్రంథులన్నీ తీసేయాలా? 1,900 మందికి పైగా రోగులతో జరిగి 2017లో వెలువడిన ట్రయల్ అక్కర్లేదంది. మొత్తం తీసినా మెలనోమాతో పోయేవాళ్లు తగ్గలేదు. కాలో చెయ్యో వాయడం మాత్రం తీసినవాళ్లలో 24 శాతం, స్కాన్‌తో గమనిస్తూ వచ్చినవాళ్లలో 6 శాతం.

సన్‌స్క్రీన్ రాయమని చెప్పే అనువాద వ్యాసాలు మనకు పెద్దగా పనికిరావు. మన ఒంటి రంగువాళ్లకు మెలనోమా ఎక్కువగా వచ్చేది ఎండ తగలని అరికాల్లో, గోరు కింద. దాన్ని ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుతారు, లేదా క్లినిక్‌లో కాల్చేస్తారు. అక్కడితో మందం లెక్క పోతుంది. మెలనోమాలో వైద్యమంతా మిల్లీమీటర్ల మీద నడుస్తుంది: 1 మి.మీ. లోపైతే చుట్టూ 1 సెం.మీ. చర్మం, 2 మి.మీ. దాటితే 2 సెం.మీ., గ్రంథి చూడాలా వద్దా అన్నదీ దాన్నిబట్టే. పైపొర చెక్కేశాక ప్యాథాలజిస్టు దేన్ని కొలుస్తాడు?

2023లో వచ్చిన ఇంకో ఫలితం నాకు వీటన్నిటికన్నా నచ్చింది. గ్రంథులకు పాకినా కోసి తీయగలిగిన మెలనోమాకు, రోగనిరోధక కణాల్ని జబ్బు మీదికి ఉసిగొల్పే పెంబ్రోలిజుమాబ్ అనే మందు 18 డోసులు. ఒక వర్గానికి అన్నీ ఆపరేషన్ తర్వాత, రెండోదానికి మూడు ముందు, పదిహేను తర్వాత. రెండేళ్లకు జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మొదటిదాంట్లో 49 శాతం, రెండోదాంట్లో 72 శాతం. మందు అదే, లెక్క అదే, మారింది వరస. గడ్డ లోపల ఉండగా ఇస్తే రోగనిరోధక కణాలకు శత్రువు ఎదురుగా ఉంటుంది. అరికాలి మెలనోమా ఈ మందులకు అంతగా లొంగదు, ఖర్చూ మధ్యతరగతికి అందదు. రోజెన్‌బర్గ్ 1988లో తొలి ఫలితాలు ప్రకటించిన ఇంకో చికిత్సకు, అంటే గడ్డలో చేరిన రోగనిరోధక కణాల్ని బయటికి తీసి పెంచి మళ్లీ ఎక్కించే పద్ధతికి, 2024 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి వచ్చింది. అక్కడ దాని ధర ఐదు లక్షల డాలర్ల పైమాటే.

ఎమ్మారై, బయాప్సీ సూది, తీసిన గడ్డ పాడవకుండా ఉంచే ఫార్మాలిన్ ద్రవం సీసా మాత్రం జిల్లా కేంద్రంలో దొరుకుతాయి. ఊళ్లోనే గడ్డ తీయించుకుని ఉంటే చెన్నైకి రిపోర్టు ఒక్కటే తేకండి. ల్యాబ్‌లో గడ్డ ముక్కల్ని భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి, ఇక్కడ మళ్లీ చూస్తారు. అప్పుడే తీసిన గడ్డయితే దానికి పది రెట్లు 10 శాతం ఫార్మాలిన్‌లో మునగాలి. సెలైన్ సీసాలో వేసి పట్టుకొచ్చిన గడ్డ సెంట్రల్ స్టేషన్ చేరేసరికే పాడవడం మొదలవుతుంది.