శుభలేఖలు అచ్చయ్యాక అడగవలసిన ప్రశ్న

తెలుగునాట షోడశ సంస్కారాల సరసన ఇటీవల పదిహేడోది చేరింది. దాని స్థానం నిశ్చితార్థానికి తరువాత, పసుపు దంచడానికి ముందు. అప్పటికి జాతకాలు కలిసి ఉంటాయి. లగ్నపత్రిక రాసుకుని ఉంటారు. ఫంక్షన్ హాలుకు, వంటవాళ్ళకు, బ్యాండుకు అడ్వాన్సులు వెళ్ళిపోయి ఉంటాయి. శుభలేఖలు అచ్చయి, నాలుగు మూలలా పసుపు పూసుకుని బంధువుల ఇళ్ళకు బయలుదేరి ఉంటాయి. సరిగ్గా ఆ దశలో వరుడు వధువును రుషికొండ తీరానికి తీసుకువెళ్ళి, ఒక మోకాలు ఇసుకలో ఆనించి, ఉంగరం పెట్టె తెరిచి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతాడు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకోవాలి, పెళ్ళి మాట అప్పుడే మొదటిసారి వింటున్నట్టు.

దీన్ని చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. జవాబు చేతికి వచ్చాక ప్రశ్న వేసుకోవడంలో ఉన్న భద్రత చిన్నది కాదు. ప్రేమ విషయంలో అంత ముందుచూపు చూపిన జాతి మరొకటి ఉందని నేను అనుకోను. అయితే ఈ సంస్కారానికి శాస్త్రం ఇంకా ఏర్పడలేదు. ఎవరికి తోచినట్టు వారు మోకాళ్ళు వంచేస్తున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదటి చిక్కు రహస్యం. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన, కొండ మీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. కుతుబ్‌షాహీల కట్టడపు పనివాళ్ళు అంత శ్రమపడి సాధించినదాన్ని మన ఇళ్ళలో ఒక్క మేనత్త సాధిస్తుంది. ఉంగరం కొలత కోసం వరుడు వధువు చెల్లెలిని అడుగుతాడు. ఆ పిల్ల ఎవరికీ చెప్పకూడదన్న షరతు మీద తల్లికి చెబుతుంది. తల్లి అదే షరతు మీద వియ్యపురాలికి చెబుతుంది. సాయంత్రానికి రెండు వైపుల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఎవరికీ చెప్పవద్దన్న సందేశం తిరుగుతూ ఉంటుంది. చివరికి వధువే అలంకరణ వాళ్ళకు ఫోను చేసి, బెలూన్లు ఏ రంగువో కనుక్కుని, దానికి తగిన గౌను ఇస్త్రీకి వేస్తుంది. ఆ రోజు నిజంగా ఆశ్చర్యపోయేది వరుడు ఒక్కడే, ఇంత గుట్టుగా నడిపించగలిగానే అని.

రెండోది ముహూర్తం. ఫోటోగ్రాఫరుకు సూర్యాస్తమయం కావాలి. డ్రోను బ్యాటరీ అరగంటకు మించి నిలవదు. ఆ అరగంటలోనే వర్జ్యం ఉందని వరుడి తల్లి పంచాంగం చూసి కనిపెడుతుంది. సూర్యుడిని జరపలేరు, వర్జ్యాన్ని జరపలేరు. ఇలాంటి సందర్భాల కోసమే పురోహితులు ఫోనులో అందుబాటులో ఉంటారు. వర్జ్యంలో మోకాలు వంచడానికి దోషం లేదని, ప్రశ్న మాత్రం వర్జ్యం వెళ్ళాక అడగాలని తీర్పు వస్తుంది. వరుడు మోకాలి మీద ఉండి గడియారం చూసుకుంటూ ఉంటాడు. వధువు చేతులు నోటి దాకా తెచ్చి ఆపుతుంది. సముద్రం ఎవరి కోసమూ ఆగదు గనుక ఒకటి రెండు అలలు వచ్చి కొవ్వొత్తులను ఆర్పి పోతాయి.

ఇక ఉంగరం. ఇది విదేశీ పైత్యమని పెద్దలు విసుక్కుంటారు. వారు చరిత్ర చదవాలి. బ్రెజిల్‌లో 1720ల్లో వజ్రాలు బయటపడే దాకా ప్రపంచానికి దాదాపు వజ్రాలన్నీ మన దేశం నుంచే వెళ్ళేవి. వాటిలో పేరున్నవి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులవి. కోహినూరు పుట్టిల్లు కూడా అదేనని చెబుతారు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. పుట్టింటిని నీట ముంచేసి, ఆ వజ్రానికి మోకాళ్ళ మీద నిలబడే మర్యాదను మాత్రం అమెరికా నుంచి తెచ్చుకున్నాం. అక్కడి ప్రకటనల సంస్థ ఒకదాన్ని వజ్రాలు అమ్మే డీ బీర్స్ కంపెనీ 1938లో కుదుర్చుకుంది. వజ్రం శాశ్వతం అన్న మాటను 1947లో ఆ సంస్థలో పనిచేసే ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఆవిడ రాసింది. ఆవిడ జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు. సరుకు లోగుట్టు తెలిసినవాళ్ళు అది కొనకపోవడం ఏ వ్యాపారంలోనైనా ఉన్నదే. ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టాలన్న ధర్మసూత్రం కూడా 1980ల్లో ఆ కంపెనీ ప్రకటనలు చెప్పినదే. మన ఐటీ ఉద్యోగులు ఇంటి రుణం, కారు రుణం పోగా మిగిలిన రెండు నెలల జీతంతో కొనదలిస్తే వెండి మట్టెలు వస్తాయి.

వజ్రం కోసం నేల మీద పడే ఆచారం మనకు లేదా అంటే, ఉంది. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి పడగానే జనం చెట్ల కింద మకాం వేసి, వంగి, కూలబడి, మట్టిలో వజ్రాలు వెతుకుతారు. దొరికినవాడు లేచి నిలబడతాడు. దొరికాక మోకాలి మీద కూర్చోవడం ఒక్కటే దిగుమతి సరుకు.

ఆ మోకాలి గురించి ఇంకొంచెం చెప్పాలి. రుషికొండలో అది ఫోటో సరిగ్గా వచ్చేదాకా వంగి ఉంటుంది. నెల తిరగకుండానే అదే వరుడు పీటల మీద కూర్చుని రెండు పాదాలూ పళ్ళెంలో పెడతాడు. నడుం నొప్పితో బాధపడే మామగారు వంగి కడుగుతారు, అత్తగారు నీళ్ళు పోస్తారు. కూతురి ముందు ఒక మోకాలు వంచినందుకు ఆమె తల్లిదండ్రుల చేత నాలుగు వంగించుకోవడం గిట్టుబాటు బేరమే. కట్నాన్ని 1961లోనే చట్టం నిషేధించింది గనుక మనవాళ్ళు అది తీసుకోరు, లాంఛనాలు తీసుకుంటారు. ఆ లాంఛనాల్లోంచి కొన్న ఉంగరాన్ని ఇచ్చినవారి కూతురికే తొడిగి, ఆమె కళ్ళలో నీళ్ళు తెప్పించడం సామాన్యమైన ప్రతిభ కాదు.

పైగా తెలిసిన జవాబును నటించి రాబట్టడం మనకు కొత్తా? కాశీయాత్ర ఉండనే ఉంది. వరుడు గొడుగు, పావుకోళ్ళు వేసుకుని సన్యాసానికి బయలుదేరతాడు. బావమరిది అడ్డం వచ్చి, గడ్డం కింద బెల్లం ముక్క పెట్టి, మా అక్కను చేసుకోండి బావగారూ అని బతిమాలతాడు. కాశీ ఎటుందో వరుడికి తెలియదు, ఆయన వెళ్ళడని పల్లకీ మోసేవాడికి కూడా తెలుసు. అయినా ఫంక్షన్ హాలు గేటు దాకా ఆ నాటకం నడుస్తుంది. అందులో బతిమాలేది ఆడపిల్లవారు, బెట్టు చేసేది మగవాడు. ఇప్పుడు మగవాడే బతిమాలుతున్నాడని సంబరపడేవారికి ఒక మనవి: కాశీయాత్ర రద్దు కాలేదు. రెండూ ఒకే ఆల్బములో, ఎదురెదురు పేజీల్లో వస్తున్నాయి.

నిజంగా ఎదుటివారిని అదిరిపడేలా చేసిన ఘనత నా లెక్కలో రుక్మిణిది. ఆమె ఎవరి మోకాలి కోసమూ ఎదురు చూడలేదు. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి తానే కబురు పంపింది. పెళ్ళికి ముందు నన్ను ఊరి వెలుపల గౌరి గుడికి పంపుతారు, అక్కడికి వచ్చి తీసుకువెళ్ళు అని చోటు, వేళ అన్నీ చెప్పింది. రాకపోతే ప్రాణాలు విడిచి, నూరు జన్మలైనా నిన్నే తలచుకుంటానని ఆ సంగతి కూడా తేల్చింది. పెళ్ళికొడుకు శిశుపాలుడు, అన్న రుక్మి నిజంగానే ఆశ్చర్యపోయారు, నటించనవసరం లేకుండా. ఈ పద్ధతి ఎందుకు వాడుకలో లేదో అర్థం చేసుకోవడం కష్టం కాదు. అందులో వధువు తండ్రికి బిల్లు వేసే వీలు లేదు.

ఆ దారిలో వెళ్ళదలచినవారికి ప్రభుత్వం కూడా ఒక ఏర్పాటు చేసింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళాడాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. దాన్ని అధికారి అందరికీ కనిపించే చోట అతికిస్తాడు. 30 రోజుల్లోగా ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పవచ్చు. కులం దాటినవారు, మతం దాటినవారు నెల రోజుల పాటు ఆ కాగితాన్ని ఎవరు చదువుతారో అని భయపడుతూ ఉంటారు. వారి విషయంలో ఆశ్చర్యపోయే హక్కు పూర్తిగా బంధువులదే. అక్కడికి మాత్రం డ్రోను ఎవరూ తీసుకువెళ్ళరు.

ఈ వ్యాసం కోసం ఒక అలంకరణ దుకాణానికి వెళ్ళాను. గుండె ఆకారపు చట్రాలు, విద్యుద్దీపాల అక్షరాలు, చల్లని బాణసంచా అన్నీ ఉన్నాయి. ఓ మూల ‘ఆమె సరేనంది’ అని ఇంగ్లీషులో రాసిన బోర్డులు దొంతరగా పేర్చి ఉన్నాయి. ప్రశ్నతో పాటే జవాబును కూడా అద్దెకు ఇస్తారన్నమాట. కాదంటే ఏ బోర్డు పెడతారని యజమానిని అడిగాను.

ఆయన నా వైపు జాలిగా చూశారు. “కాదని ఎలా అంటుందండీ? వంటవాళ్ళకు అడ్వాన్సు ఇచ్చేశారు కదా!”