సాయం చేశారట!

మాది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. ఇక్కడ మన తెలుగువాళ్లకి "మిషన్" అంటే స్కూలు. మిషన్ శాన్ హోసే అనే పేటలోని ఆ స్కూళ్ల పరిధిలో ఇల్లు కొనడానికి ఎంత పోస్తున్నామో, ఎంత టెన్షన్ పడుతున్నామో మనకే తెలుసు. అసలు ఆ పేరు ఎక్కడిదని అడిగితే "పాత చర్చి ఉందిగా, తెల్లగా ముచ్చటగా ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి" అంటాం. పదేళ్లు నేనూ అదే అన్నాను కాబట్టి ఎవర్నీ తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడతాను.

మిషన్ అంటే స్పెయిన్ పాలనలో ఇక్కడి స్థానిక తెగల్ని క్రైస్తవంలోకి మార్చడానికి ఫాదర్లు పెట్టిన స్థావరం. మా పెద్దమ్మాయి నాలుగో తరగతిలో మిషన్ మోడల్ చేయాల్సి వచ్చింది. ఫోమ్ బోర్డు, పంచదార బిళ్లలు, జిగురు. రాత్రి పన్నెండు దాకా కూర్చుని అతికించింది నేనే (ఇలాంటి ప్రాజెక్టులు ఎవరు చేస్తారో అందరికీ తెలిసిందే). గంట పెట్టాం, చెట్లు పెట్టాం, రెండు ఆవుల్నీ పెట్టాం. మనుషుల్ని మాత్రం పెట్టలేదు. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు. ఇలా బొమ్మలు కట్టించడం వల్ల పిల్లలకి ఒరిగేదేమీ లేదని 2016లో రాష్ట్రమే తన మార్గదర్శకాల్లో చెప్పింది.

పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. ఊరు చూపిద్దామని మిషన్ శాన్ హోసేకి తీసుకెళ్లాను. ఇప్పుడు కనిపించే చర్చి 1985లో మళ్లీ కట్టింది. పాతది 1868 భూకంపంలో కూలిపోయింది. మిగిలిన పాత భాగం ఫాదర్లు ఉన్న ఇల్లే, ఇప్పుడది మ్యూజియం. అమ్మ ఆ గోడ మందం చూసి "పచ్చి ఇటుకలేరా ఇవి! ఇంత మట్టి ఎవరు తొక్కారు?" అంది.

ఓలోనీలు తొక్కారమ్మా. ఈ నేల మీద ముందునుంచీ ఉన్న స్థానికులు. ఇక్కడి ఓలోనీ కాలేజీ పేరు అందరికీ తెలుసు, ఆ మనుషులే. తర్వాత యోకట్‌లు, మివోక్‌లు అనే వేరే స్థానిక తెగలవాళ్లు.

1769లో శాన్ డియేగోతో మొదలుపెట్టి 1823 దాకా కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్కన్ అనే కాథలిక్ సంఘం ఫాదర్లు 21 మిషన్లు పెట్టారు. మాది 1797ది. వాటికి అండగా నాలుగు సైనిక కోటలు. మనం పిక్నిక్‌కి వెళ్లే శాన్ ఫ్రాన్సిస్కో ప్రెసిడియో అందులో ఒకటి. స్థానికులు బాప్తిస్మం పుచ్చుకున్నాక అనుమతి లేకుండా మిషన్ వదిలి వెళ్లడానికి వీల్లేదు. పారిపోతే సిపాయిలు పట్టుకొచ్చేవాళ్లు, కొరడా దెబ్బలు పడేవి. పెళ్లికాని ఆడపిల్లల్ని రాత్రిళ్లు గదిలో పెట్టి తాళం వేసేవాళ్లు. కిక్కిరిసిన ఆ గదుల్లోకి తట్టు లాంటి రోగాలు వస్తే ఇక చెప్పేదేముంది.

"ఆ రోజుల్లో అంతా అంతే, ఇప్పటి కళ్లతో చూడకూడదు" అని ఒక ఫ్రెండ్ వాదించాడు. సరే, ఆ రోజుల కళ్లతోనే చూద్దాం. 1786లో లా పెరూజ్ అనే ఫ్రెంచి నావికుడు మాంటెరే దగ్గరి మిషన్‌కి వచ్చాడు. తమ దేశపు బానిస తోటలే గుర్తొచ్చాయని రాసుకున్నాడు. బానిసల్ని పెట్టుకున్న దేశం మనిషికే అలా అనిపించింది! ఇక ఈ మిషన్లకి పునాది వేసిన హునిపెరో సెర్రాని 2015లో సెయింట్‌ని చేశారు. దాని మీద నేనేమీ అనను, అంటే కామెంట్లలో రెండు రోజులు పోతాయి.

మా మిషన్‌లోనే ఎస్తనిస్లావ్ అనే యోకట్ ఉండేవాడు. చదువుకున్నవాడు, తోటి స్థానికుల మీద పెద్దరికం కూడా ఇచ్చారు. అప్పటికి స్పెయిన్ పోయి మెక్సికో వచ్చింది కానీ మిషన్ బతుకు మారలేదు. 1827లో తనవాళ్లతో బయటికెళ్లి, ఇక రానని కబురు పెట్టాడు. 1829లో అతని మీదికి ఫిరంగులతో సైన్యం వెళ్లింది. స్టానిస్లాస్ నది, స్టానిస్లాస్ కౌంటీ అతని పేరే. యోసెమిటీకి వెళ్తూ ఆ బోర్డు ఎన్నిసార్లు దాటామో! అదెవరో యూరప్ మనిషి పేరు అనుకున్నాను.

మిషన్‌కి దగ్గర్లోనే, వాషింగ్టన్ బులవార్డ్ మీద, ఓలోనీల స్మశానం ఉంది. మిషన్ కట్టడంలో ఫాదర్లకి సాయపడిన నాలుగు వేలమంది ఓలోనీలు ఇక్కడ నిద్రిస్తున్నారని అక్కడి రాతి మీద ఉంది. సాయపడిన! ఆ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. వాళ్ల వారసులు మువెక్మా ఓలోనీలు ఇక్కడే ఉన్నారు. తమని తెగగా గుర్తించమని ఫెడరల్ ప్రభుత్వాన్ని ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఆ రాత అమ్మకి తెలుగులో చెప్పాను. కాసేపు చూసి, "సాయానికి కూలి ఎంతిచ్చారట?" అంది.

మోడల్ ఇంకా మా గరాజ్‌లోనే ఉంది, ఆవులతో సహా.