మొదటి బహుమతి దాతలకు

మొన్న ఏప్రిల్లో అనంతపురం పోయినప్పుడు, కరెంటు లేక రాత్రి మిద్దె మీద పడుకున్నాం. ఏమీ తోచక మా చిన్నాయనకు ఫోన్లో పాత ఐస్ హాకీ వీడియో ఒకటి చూపించాను. 2018లో బుడాపెస్ట్‌లో బ్రిటన్, హంగేరీ ఆడిన మ్యాచ్. ఇంకా 15.8 సెకన్లే ఉందనగా రాబర్ట్ ఫార్మర్ గోల్ కొట్టి బ్రిటన్ స్కోరును 2-2 చేశాడు. తర్వాత పెనాల్టీ షాట్లలో బ్రిటనే ఓడిపోయింది. అయినా సంబరాలు వాళ్లవే.

"ఓడినోళ్లు ఎందుకప్పా ఎగురుతాండారు?" అన్నాడు చిన్నాయన.

అది ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రెండో మెట్టు, డివిజన్ 1 గ్రూప్ ఏ. పై మెట్టులో 16 జట్లు, ఇక్కడ ఆరు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో ఆడాల్సిందే. మొదటి రెండూ పైకి పోతాయి, ఆఖరుది కిందికి. మామూలు సమయంలో గెలిస్తే 3 పాయింట్లు, సమంగా ముగిశాక ఓడినా 1 పాయింటు. ఆ ఒక్క పాయింటుతోనే బ్రిటన్ 1994 తర్వాత మళ్లీ పై మెట్టెక్కింది. 2022లో దిగింది, 2023లో నాటింగ్‌హామ్‌లో ఎక్కింది, 2024లో మళ్లీ దిగింది, 2025లో మళ్లీ ఎక్కింది. రెండో మెట్టులో ఉన్నన్నాళ్లూ తమకు సరిజోడైన జట్లతో ఆడే అవకాశం మాత్రం పోలేదు.

ఆ వారమే మా మండలంలో క్రికెట్ టోర్నమెంటు. గ్రౌండు గేటు దగ్గర ఫ్లెక్సీలో సూటు వేసుకొని నేను, కింద 'మొదటి బహుమతి దాత'. ఒక పల్లె జట్టు ఆటోలో వచ్చింది. వాళ్లకున్నవి రెండే బ్యాట్లు, ఒకదాని పిడికి సైకిల్ ట్యూబు చుట్టారు. బయటి ఆటగాళ్లను తెచ్చుకున్న టౌను జట్టు చేతిలో తొమ్మిదిన్నరకల్లా ఓడిపోయారు. నాకౌట్ కదా, ఎంట్రీ ఫీజు కూడా పోయినట్టే. క్యాచ్ పట్టబోయి వేలు వాచిన పిల్లోడు చెరుకురసం బండి దగ్గర గోనెపట్ట కింది ఐస్ ముక్క అడిగి తీసుకొని ఆటో ఎక్కాడు. ఏడాదంతా ప్రాక్టీసు చేసింది ఆ ఒక్క మ్యాచ్‌కే.

మన డబ్బు ఎటూ గెలిచే జట్టుకే పోతోంది. అందులో నా డబ్బూ ఉంది. అదే డబ్బుతో ఆరు పల్లెలకు రెండో మెట్టు పెడదాం. మొత్తం 15 మ్యాచ్‌లు. ఎండ ముదరకముందే పొద్దున మూడేసి ఆడిస్తే ఐదు రోజుల్లో అయిపోతుంది. అంపైర్ల ఖర్చు, బంతుల ఖర్చు పెరుగుతాయి, నిజమే. కప్పు చిన్నదైతే సరిపోతుంది. పైకొచ్చిన రెండు జట్లు వచ్చే ఏడు టౌను జట్లతో ఆడతాయి.

కమిటీ వాళ్లకు ఇదే చెప్పాను. "రెండో మెట్టుకు ఫ్లెక్సీ ఎవరేస్తారు సార్?" అన్నారు. నా ఫొటో లేకున్నా ఫర్వాలేదన్నాను. అనడానికి కొంచెం కష్టంగానే ఉండింది.