ఫార్మసిస్టుకు ఇంటి నుంచి పని: లాభం ఎవరికి?

ఫార్మసిస్టు అనగానే కౌంటర్ వెనక నిలబడి మాత్రల స్ట్రిప్పులు అందించే మనిషే గుర్తొస్తారు. ఆ పనిలో కంటికి కనిపించేది కొంతే. చీటీ చదవడం, రోగి వయసుకు, బరువుకు, కిడ్నీల పనితీరుకు ఆ డోసు సరిపోతుందో లేదో చూడడం, ఇప్పటికే వాడుతున్న మందులతో కొత్తది పొసగుతుందో లేదో తేల్చడం, అనుమానం వస్తే డాక్టరుకు ఫోన్ చేయడం... అసలు పని ఇది. దీనికి కావాల్సింది పూర్తి సమాచారం, కుదురైన మనసు. కౌంటర్ దగ్గర ఈ రెండోదే దొరకదు. ఫోన్ మోగుతుంది, ఎదురుగా నలుగురు నిలబడి ఉంటారు, పక్కన సహాయకుడు ఏదో అడుగుతాడు. సగంలో ఆగిన లెక్క మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక అంకె జారిపోతుంది. ఇంటి నుంచి పనిచేస్తే ఫార్మసిస్టుకు ప్రయాణం తప్పుతుంది, కాళ్ల నొప్పులు తగ్గుతాయి, నిజమే. కానీ ఈ ఏర్పాటులో పెద్ద లాభం రోగిది. తన చీటీని ఒకరు మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చదువుతారు.

ఇది బాగా తెలిసొచ్చేది చిన్న ఆసుపత్రుల్లో, రాత్రిపూట. ముప్పై నలభై పడకల ఆసుపత్రికి రాత్రంతా ఒక ఫార్మసిస్టును కూర్చోబెట్టుకునే స్తోమత సాధారణంగా ఉండదు. రాత్రి రాసిన మందును నర్సు వార్డు అల్మరాలోంచి తీసి ఇచ్చేస్తుంది. తెల్లారాక ఫార్మసిస్టు ఆ ఆర్డరు చూసేసరికి ఒకటి రెండు డోసులు పడిపోయి ఉంటాయి. అలాంటి నాలుగైదు ఆసుపత్రుల రాత్రి ఆర్డర్లను ఎక్కడో కూర్చున్న ఒక్కరు, మందు రోగి ఒంట్లోకి వెళ్లకముందే చూడగలరు.

ఒక ఆర్డరునే తీసుకుందాం. 78 ఏళ్ల ఆవిడ, బరువు 48 కిలోలు, కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ 50 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి అని రాశారు. కిలోకు 1 మిల్లీగ్రాము లెక్కన సరిగ్గానే ఉంది. కిడ్నీలు వడగట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో డెసిలీటరుకు 1.4 మిల్లీగ్రాములు. చూడగానే కంగారు పుట్టించే అంకె కాదు. దాన్ని కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో పెట్టి చూడాలి. 140లోంచి వయసు తీసేస్తే 62. బరువుతో గుణిస్తే 2,976. 72ను 1.4తో గుణిస్తే వచ్చే 100.8తో దాన్ని భాగిస్తే 29.5. రోగి స్త్రీ కాబట్టి 0.85తో గుణించాలి, నిమిషానికి 25 మిల్లీలీటర్లు తేలుతుంది. 30 కన్నా తక్కువ. ఈ కిడ్నీలు ఆ మందును వేళకు బయటికి పంపలేవు. మందు ఒంట్లో పేరుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రోజుకు రెండుసార్లు రాసినదాన్ని ఒక్కసారికి మార్చమని డాక్టరుకు చెప్పాలి. ఈ లెక్కకు ఒక్క నిమిషం చాలు, కానీ ఆ నిమిషం ఎవరూ కదిలించకుండా దొరకాలి.

దూరం తెచ్చే చిక్కు కూడా ఇదే ఆర్డరులో ఉంది. పౌండ్లలో తూచే చోట ఆవిడ బరువు 106. ఎవరైనా ఆ 106ను పొరపాటున కిలోల గడిలో ఎక్కిస్తే సూత్రం 25కు బదులు 55 చూపిస్తుంది, డోసు రెట్టింపు దాటుతుంది. అంకెలన్నీ మామూలుగానే ఉన్నట్టుంటాయి కాబట్టి కంప్యూటర్ నోరెత్తకపోవచ్చు. మంచం పక్కన నిలబడ్డవాళ్లకు చిక్కిపోయిన మనిషి కనిపిస్తుంది, తెర ముందున్నవాళ్లకు అంకె మాత్రమే కనిపిస్తుంది. అందుకే ఎనాక్సపారిన్, హెపారిన్, జెంటామైసిన్, కీమో మందులు, పిల్లల డోసులు వచ్చినప్పుడు దూరాన ఉన్న ఫార్మసిస్టు మొదట చూడాల్సింది బరువు ఏ తేదీన, ఏ కొలమానంలో తీశారన్నది. పాత రికార్డులోని బరువుతో, ఎత్తుతో పోల్చాలి. తేడా కనిపిస్తే నర్సును మళ్లీ తూచమనాలి. మొహమాటపడి ఊరుకుంటే దూరం నిజంగానే ప్రమాదం అవుతుంది.

ఫోన్లో మాట్లాడేటప్పుడు మరో జాగ్రత్త. ‘ఫిఫ్టీన్’కు, ‘ఫిఫ్టీ’కి తేడా లైన్లో వినిపించదు. ‘పదిహేను, ఒకటి ఐదు’ అని విడదీసి చెప్పాలి, అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకోవాలి. ఈ ఇబ్బంది కొత్తది కాదు. ఆస్ట్రేలియాలో విమానాల్లో వెళ్లి వైద్యం చేసే ఫ్లయింగ్ డాక్టర్ సేవ 1942లో మారుమూల ప్రాంతాలకు మందుల పెట్టెలు ఇవ్వడం మొదలుపెట్టింది. పెట్టెలోని మందులకు నంబర్లు వేశారు. డాక్టరు రేడియోలో మందు పేరుకు బదులు నంబరు చెప్పేవారు. గరగరలాడే లైన్లో పేర్లు తప్పు వినిపిస్తాయని ఎనభై ఏళ్ల కిందటే గుర్తించి చేసిన ఏర్పాటది.

అన్ని పనులూ దూరం నుంచి కుదరవు. సెలైన్ బ్యాగులో మందు కలపడాన్ని కెమెరాలో చూసి ఆమోదించే పద్ధతే చూడండి. మందు బ్యాగులోకి ఎక్కించేశాక, ఖాళీ సిరంజి ప్లంజర్‌ను గీత దాకా వెనక్కి లాగి ఫొటో పంపితే దాని వల్ల రుజువయ్యేది ఏమీ లేదు. నిజంగా ఎంత ఎక్కించారో ఆ ఫొటో చెప్పదు. ఎక్కించే ముందు మందు నిండిన సిరంజి, పక్కనే లేబుల్, లాట్ నంబరు, గడువు తేదీ కనిపించేలా వయల్ (మందు సీసా) ఒకే ఫ్రేములో ఉండాలి. కలపక ముందు, కలిపాక బ్యాగును తూచితే ఇంకా నమ్మకం. ఇవేవీ లేనిచోట ఆ పనికి పక్కన నిలబడే మనిషే ఉండాలి.

రోగితో మాట్లాడే పనిలో మాత్రం దూరమే మేలు చేసే సందర్భాలున్నాయి. కౌంటర్ దగ్గరికి వచ్చే మనిషి చేతిలో ఒక్క చీటీ ఉంటుంది. వీడియో కాల్‌లో ‘ఇంట్లో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టండి’ అనవచ్చు. అప్పుడు బయటపడతాయి: షుగరుకు వాడే కాంబినేషన్ మాత్రలో ఉన్న మెట్‌ఫార్మిన్‌నే వేరే బ్రాండ్ పేరుతో విడిగా కూడా వేసుకోవడం, జలుబు మాత్రలోనూ జ్వరం మాత్రలోనూ పారాసెటమాల్ ఉండడం. కీళ్లవాతానికి వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజుకో గడి ఉండే మాత్రల డబ్బాలోని ఏడు గడుల్లోనూ పెట్టుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. ఆ గడులు ఫార్మసిస్టు కంటపడేది ఇంటి బల్ల మీదే. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నారో కూడా అక్కడే చూడాలి. స్ప్రే రకమైతే నెమ్మదిగా, పొడి రకమైతే బలంగా, వేగంగా పీల్చాలి. చాలామంది రెండిటినీ ఒకేలా పీలుస్తారు.

మందుల దుష్ప్రభావాల నివేదికలు పరిశీలించే పనిని ఎక్కడినుంచైనా చేయవచ్చు. రోగి, సమాచారం ఇచ్చినవారు, అనుమానిత మందు, జరిగిన హాని, ఈ నాలుగూ ఉంటే అది నివేదిక కిందికి వస్తుంది. తీవ్రమైనది, ముందు తెలియనిది అయితే చాలా దేశాల్లో 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు చేరాలి.

ఇక ఫార్మసిస్టు వైపు నుంచి చూస్తే, పది పన్నెండు గంటలు నిలబడలేక, పసిబిడ్డను వదల్లేక ఉద్యోగం మానేసేవాళ్లలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లను నిలబెట్టుకోవడానికి ఇదొక మంచి దారి. వేరే టైమ్ జోన్‌లో ఉన్నవాళ్లు ఒకచోటి రాత్రి షిఫ్టును తమ పగటిపూట చేయగలిగితే తెల్లవారుజామున మూడింటికి మొద్దుబారే బుర్రతో డోసులు చూసే అవసరం ఉండదు. అయితే రోగి ఉన్న చోట చెల్లే లైసెన్సు కావాలి, రోగుల వివరాలు సరిహద్దు దాటడానికి అక్కడి చట్టం ఒప్పుకోవాలి. ఇంట్లో తలుపు వేసుకునే గది, రెండు తెరలు (ఒకటి ఆర్డరుకు, ఒకటి ల్యాబ్ రిపోర్టులకు), వైరుతో వచ్చే నెట్, కరెంటు పోతే యూపీఎస్, కనెక్షన్ తెగితే ఆర్డర్లు ఎవరికి మళ్లాలో ముందే రాసిపెట్టిన పేరు కూడా ఉండాలి. రోగి వివరాలున్న కాగితం ఒక్కటీ ఇంట్లో ప్రింటు కాకూడదు.

యాజమాన్యాలు ఈ లాభాన్ని చేజేతులా పోగొట్టుకునే దారి ఒకటుంది. గంటకు ఇన్ని ఆర్డర్లు తేల్చాలని లక్ష్యం పెట్టగానే, కౌంటర్ దగ్గరి తొందర ఇంట్లోకి వచ్చేస్తుంది. డాక్టరుకు చేసే ఫోన్ పది నిమిషాలు తింటుంది కాబట్టి ఫోన్లు తగ్గిపోతాయి. లెక్క పెట్టాల్సినవి వేరు: అత్యవసర ఆర్డరు ఎన్ని నిమిషాల్లో చూశారు, ఎన్ని ఆర్డర్లను ఆపి అడిగారు, అడిగాక ఎన్ని మారాయి, షిఫ్టు ముగిసేసరికి తేలకుండా మిగిలినవి తర్వాతివాళ్లకు ఎలా అందాయి. ‘వాంకోమైసిన్ లెవెల్ ఉదయం 6కు తీయాలి, ఫలితం చూడకుండా తర్వాతి డోసు వేయొద్దు’ (వాంకోమైసిన్ ఒక యాంటీబయాటిక్, లెవెల్ అంటే రక్తంలో దాని మోతాదు) అన్న ముక్క, పొద్దున వార్డుకు వచ్చే ఫార్మసిస్టు తెర తెరవగానే మొదటి వరుసలో కనిపించాలి.