కోరంగికి మనం బాకీ పడ్డ రాయి

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, 216 నంబరు జాతీయ రహదారి పక్కన కోరంగి వస్తుంది. ఆదివారం పూట అక్కడ కార్లు బాగానే ఆగుతాయి. మడ అడవుల మధ్య కర్రలతో వేసిన దారిలో నడవడానికి, పడవ ఎక్కడానికి, ఫొటోలు దిగడానికి జనం పిల్లల్ని తీసుకుని వస్తారు. నీటిపిల్లి గురించి, పక్షుల గురించి, నేలలోంచి పైకి పొడుచుకొచ్చే మడ చెట్ల వేళ్ల గురించి తెలుసుకుని వెళతారు. 1978లో అభయారణ్యం అయిన చోటు అది, ఆ అడవిని కాపాడుకోవాల్సిందే. కానీ అక్కడి గోదావరి పాయ గట్ల మీదే ఒకప్పుడు సముద్రాలు దాటే ఓడలు తయారయ్యాయని, బర్మా నుంచి మారిషస్ దాకా తెలుగువాళ్లను ఈ ఊరి పేరుతోనే పిలిచారని చెప్పే రాయి ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఆ రాయి వెయ్యాలి. ఎక్కడ వెయ్యాలి, ఎవరి కోసం వెయ్యాలి అన్నదే నా వాదన.

కోరంగి పాత కథ గోదావరి జిల్లాల వాళ్లకు కొత్తేం కాదు. డచ్చివాళ్లు వచ్చారు, ఇంగ్లీషువాళ్లు వచ్చారు, పక్కనే యానాంలో ఫ్రెంచివాళ్లు పాగా వేశారు. ఇంజరం, నీలపల్లి నుంచి బట్టలు ఓడలెక్కాయి. కోరమాండల్ తీరంలో పెద్ద ఓడను గట్టుకు చేర్చి బాగుచేసుకోగలిగే చోట్లు చాలా తక్కువ, వాటిలో కోరంగి ఒకటి. 19వ శతాబ్దం మొదట్లో ఎబెనెజర్ రోబక్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఓడల మరమ్మతు కోసం ఇక్కడ డాక్ కట్టించాడు. తర్వాత గోదావరి తెచ్చిన ఇసుక మేటలు వేసి, నది సముద్రంలో కలిసే మొగను పూడ్చేసింది. వ్యాపారం కాకినాడకు మళ్లింది. ఆ ఇసుకే సముద్రంలో పొడవాటి దిబ్బగా పెరిగి ఇవాళ మనం హోప్ ఐలాండ్ అని పిలుచుకునే దీవి అయింది.

తాళ్లరేవు వైపు పాయ గట్టున ఇప్పటికీ చెక్క బోట్లు కడతారు. కిందటి వేసవిలో అక్కడ ఒక పూటంతా కూర్చున్నాను. తాటాకు పందిరి కింద దిమ్మెల మీద అడుగు దూలం పెట్టి, దానికి రెండు పక్కలా వంపు కొయ్యలు నిలబెట్టారు. దూరం నుంచి చూస్తే పెద్ద చేప ముళ్లగూడులా ఉంది. పక్కనే దాదాపు పూర్తయిన మరో బోటు కింద ఒక పెద్దాయన వెల్లకిలా పడుకుని పలకల మధ్య సందులో నూలు పేట దూరుస్తున్నాడు. మొండి ఉలి మీద కొయ్య సుత్తితో రెండు దెబ్బలు, ఒక బెత్తెడు ముందుకు జరగడం, మళ్లీ రెండు దెబ్బలు. మూర పొడవు అయ్యాక బొటనవేలి గోరుతో ఆ సందు వెంబడి గీసి చూస్తాడు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడి నూలు పీకేసి మళ్లీ మొదలు. ఆపైన గుగ్గిలం, నూనె కలిపి పూస్తారు.

డ్రాయింగ్ ఏదండీ అని అడిగాను. లేచి వచ్చి పందిరి చూరులోంచి ఒక వెదురు బద్ద తీశాడు. దాని నిండా కత్తి గాట్లు. ఏ గాటు నుంచి ఏ గాటుకు ఎంత, ఆ కొలత బోటులో ఎక్కడికి వెళుతుంది అన్నది ఆయన తలలో ఉంది. "ఇది మా నాన్నదండి. ఈ చివర గాట్లు మాత్రం నేను పెట్టినవండి" అన్నాడు. ఆ బద్ద చేతిలోకి తీసుకున్నప్పుడే నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది.

బొంబాయిలో వాడియా కుటుంబం కట్టిన ఓడల గురించి పుస్తకాలున్నాయి. వాళ్లు 1817లో కట్టిన ట్రింకోమలీ అనే ఓడను ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ పట్నం నీళ్ల మీద నిలబెట్టి మ్యూజియంగా చూసుకుంటోంది. వాడియాల పేరు నిలవడానికి వాళ్ల పనితనం ఎంత కారణమో, కాగితం మీద ఉన్న కాంట్రాక్టులూ అంతే కారణం. కోరంగి వడ్రంగి దగ్గర కాగితం లేదు, వెదురు బద్ద ఉంది. విశాఖలో 1948లో నీళ్లలోకి దింపిన 'జలఉష'ను స్వతంత్ర భారతం తొలి ఓడగా పిల్లలకు పాఠం చెబుతాం. దాన్ని కట్టిన సింధియా కంపెనీ పేరు అక్కడ బస్టాపు పేరుగా కూడా నిలిచిపోయింది. అదే తీరంలో అంతకు నూట యాభై ఏళ్ల ముందే ఓడలు కట్టిన చేతుల గురించి మాత్రం ఏ పాఠమూ లేదు.

కోరంగి పేరు లోకానికి తెలిసింది ఓడలతో కన్నా తుఫానులతో. 1789 డిసెంబర్‌లో ఒకదాని వెనుక ఒకటి మూడు పెద్ద అలలు వచ్చి ఊరిని తుడిచిపెట్టాయని పాత రాతలు చెబుతాయి. కలకత్తాలో ఉండి తుఫానుల్ని పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో 'సైక్లోన్' అనే మాటను ప్రపంచానికి ఇచ్చాడు. ఆయన ఆ పని చేసింది కోరంగిలాంటి చోట్ల జరిగిన నాశనాన్ని ముందు పెట్టుకునే. ఇవాళ వాతావరణ శాఖ బులెటిన్‌లో, టీవీ స్క్రోలింగ్‌లో ఆ మాట వచ్చిన ప్రతిసారీ మన ఊరు దాని వెనుక ఉంది.

రెండోది 1839 నవంబర్ 25. 3 లక్షల మంది చనిపోయారని, 20 వేల పడవలు నాశనమయ్యాయని ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నేను ఆ అంకెలు నమ్మను. 1737లో హుగ్లీ మొగలో వచ్చిన తుఫానుకు కూడా సరిగ్గా అవే అంకెలు చెబుతారు, 3 లక్షల ప్రాణాలు, 20 వేల నావలు. వంద ఏళ్ల తేడాతో రెండు ఊళ్లలో ఒకే లెక్క రావడం ఎలా కుదురుతుంది? ఎవరో ఒక చోటి లెక్కను ఎత్తి మరో చోట రాశారు, మిగతావాళ్లు కాపీ కొట్టారు అన్నదే నా అభిప్రాయం. పోయిన ప్రాణాలు వేలల్లోనే అయినా అది చిన్న దుఃఖం కాదు. అందుకే రాయి మీద చెక్కేముందు నిజం తేల్చుకోవాలంటున్నాను. ఒకసారి చెక్కిన అంకెను ఇక ఎవరూ ప్రశ్నించరు.

బర్మాలో తెలుగువాడిని 'కోరంగీ' అన్నారు. శ్రీకాకుళం నుంచి వెళ్లినా, విశాఖ నుంచి వెళ్లినా, గోదావరి లంకల నుంచి వెళ్లినా, రంగూన్ రేవులో దిగేసరికి అందరూ కోరంగీలే. బియ్యం మిల్లుల్లో, రేవులో, రిక్షాల దగ్గర ఒళ్లు హూనం చేసుకున్న జనం వీళ్లు. గమనించండి, వాళ్లలో చాలామంది ఓడెక్కే నాటికి కోరంగి రేవు పూడిపోయింది. కాకినాడలోనో విశాఖలోనో ఎక్కినవాళ్లను కూడా కోరంగీలనే అన్నారు. రేవు పోయాక కూడా పేరు సముద్రం మీద తిరుగుతూనే ఉంది.

1930 మే నెలలో రంగూన్ రేవులో మన కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల బదులు బర్మావాళ్లను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరాక ఆ బర్మావాళ్లను తీసేసి మళ్లీ తెలుగువాళ్లను పిలిచారు. ఇద్దరు బీదవాళ్ల మధ్య పెట్టిన ఆ చిచ్చు రోజుల తరబడి రగిలింది, కోరంగీ అన్న పేరు వింటేనే కొట్టి చంపే దాకా వెళ్లింది. 1942లో జపాన్ దాడి చేసినప్పుడు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. దారిలో ఎంతమంది ఆగిపోయారో లెక్కపెట్టినవాళ్లు లేరు. ఆ తర్వాతి దశాబ్దాల్లోనూ బర్మా నుంచి తెలుగు కుటుంబాలు తిరిగొస్తూనే ఉన్నాయి. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు మాత్రం అలా మిగిలింది.

మారిషస్‌లోనూ తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరే. అక్కడి పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు దిగిన చోటు. ఆ రేవులో 16 రాతి మెట్లను అలాగే ఉంచారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఏటా నవంబర్ 2న ఆ దేశం సెలవు తీసుకుని మరీ ఆ మెట్ల దగ్గర తల వంచుతుంది. దిగినచోట మెట్లకు అంత గౌరవం దక్కింది. ఓడెక్కినచోట, అమ్మానాన్నల్ని వదిలి చివరిసారి మట్టి తొక్కినచోట ఏముంది? కలకత్తా వాళ్లు హుగ్లీ ఒడ్డున అలా వెళ్లినవాళ్ల గుర్తుగా స్మారకం పెట్టుకున్నారు. ఆరో తరం మారిషస్ తెలుగు కుర్రాడు తన ఇంటిపేరు, 'కోరంగి' అన్న ఒక్క మాట పట్టుకుని కాకినాడ వస్తే, మనం అతన్ని తీసుకెళ్లి చూపించగలిగేది నీటిపిల్లి బొమ్మ.

ఊళ్లో సరైన మంచినీళ్లు లేవు, రోడ్డు లేదు, ముందు అవి చూడకుండా రాళ్లెందుకని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. నీళ్లూ రావాలి, రోడ్డూ రావాలి. కానీ మనం ప్రతి సెంటర్లో విగ్రహాలు పెట్టేటప్పుడు ఎవరూ ఈ ప్రశ్న అడగరు, కూలీవాడి పేరు మీద రాయి అనేసరికే ఖర్చు గుర్తొస్తోంది. పైగా ఈ రాయి ఊరికే నిలబడేది కాదు. దివిసీమలో 1977 నవంబర్ 19 ఉప్పెనకు గుర్తుగా స్థూపం ఉంది. దాని పక్కనుంచి స్కూలుకు వెళ్లే పిల్లకు ఉప్పెన అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1996 నవంబర్ 6 తుఫానులో నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోదావరి మొగ పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి ఉన్న ఎత్తులో ఒక గీత గీసి, తేదీ రాసి, రాతి కంబం పాతితే అది రేపటి తుఫానుకు హెచ్చరిక. పునరావాస కేంద్రానికి రాము అని మొండికేసే మనిషికి అధికారి మాట కన్నా ఆ గీతే బాగా వినిపిస్తుంది.

అసలు మన చిక్కు కోరంగి ఒక్కదానితో ఆగదు. మనం గుర్తుపెట్టుకునే పద్ధతే పాలించినవాళ్ల వైపు ఒరిగిపోయింది. కాటన్ దొర విగ్రహం లేని ఊరు కోసం గోదావరి జిల్లాల్లో వెతుక్కోవాలి. ఆయన విగ్రహాలు ఉండాల్సినవే, 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట అన్నం తింటున్న జిల్లాలివి. కానీ ఆ రాళ్లు మోసినవాళ్లకు ఒక్క రాయి కూడా ఎందుకు లేదు? తెలుగువాడు నాగలి పట్టినవాడే తప్ప సముద్రం ఎరగడన్న మాట మనమే నమ్మేశాం. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనం చూడండి. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాను సుంకం తప్ప ఏమీ తీసుకోనని సముద్రం మీద తిరిగేవాళ్లకు అభయమిచ్చిన రాయి అది. రేవులో రాయి వేసే అలవాటు మనకు ఏడు వందల డెబ్బై ఏళ్లకు పైగా ఉంది. అప్పుడు రాజు నావికుడి కోసం వేయించాడు. ఇప్పుడు ప్రజల డబ్బుతో నాయకుల విగ్రహాలు వేస్తున్నాం.

ఇది పాత కథే కదా అని తోసెయ్యడానికీ లేదు. ఇదే గోదావరి జిల్లాల నుంచి ఇవాళ ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళుతున్నారు. ఓడ పోయి విమానం వచ్చింది. నూరేళ్ల కిందట వెళ్లినవాళ్లను మరిచిపోయిన నేల ఇవాళ వెళుతున్నవాళ్ల బాధను కూడా తొందరగా పట్టించుకోదు. ఎవరైనా అక్కడ చనిపోయి శవం రావడానికి నెలలు పడితే జిల్లా పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి, అంతే.

అందుకే కోరంగి రాయిని పార్కులో, గేటు లోపల, టికెట్ కొన్నవాళ్లకు మాత్రమే కనిపించేలా పెట్టొద్దు. అది పాయ గట్టున, పడవలు కట్టే పందిళ్ల పక్కన ఉండాలి, పని జరుగుతున్న చోటే. వడ్రంగి, కమ్మరి, కళాసీ, సరంగు అన్న మాటలు దాని మీద ఉండాలి. తెలుగులో పెద్ద అక్షరాలతో, కింద బర్మీస్‌లో, మారిషస్‌వాళ్ల క్రియోల్‌లో కూడా రాయాలి, ఆ ఓడలు వెళ్లింది అటే కాబట్టి. రాయి పక్కన ఆ పని కూడా బతికి ఉండాలి. ఫైబర్ బోట్లు వచ్చాక చెక్క బోటు అడిగేవాళ్లు తగ్గిపోయారు. జిల్లాలోని పాలిటెక్నిక్ పిల్లలు పది మంది ఒక్క వేసవి ఆ పందిట్లో కూర్చుని కొలతలు రాసుకున్నా, ఆ వెదురు బద్ద మీద ఉన్నది కాగితం ఎక్కుతుంది.

2039 నవంబర్‌కు రెండో తుఫానుకు 200 ఏళ్లు, ఆ మరుసటి నెలకే మొదటిదానికి 250 ఏళ్లు నిండుతాయి. సభలు పెట్టేవాళ్లు అప్పుడు తప్పకుండా పెడతారు. నేను కలిసిన పెద్దాయనకు ఇప్పటికే 60 దాటాయి. కొడుకులిద్దరూ వేరే పనుల్లో ఉన్నారు. బయల్దేరేముందు ఆ బద్ద తిరిగి ఇస్తూ, దీన్ని ఎవరికి ఇద్దామనుకుంటున్నారండీ అని అడిగాను.

చూరులో దాని చోట దాన్ని పెట్టేసి, "ఎవరైనా అడిగితే కదండీ" అన్నాడు.